తోబుట్టువుల పేరిట ఏ దానం నిలుస్తుంది?

ప్రశ్న (నెల్లూరు): మా అన్నయ్య, చిన్న చెల్లెలు మూడేళ్ల వ్యవధిలో కాలం చేశారు. తిథులకు అన్నదానం చేయిస్తున్నాము గాని, అది ఆ పూటతోనే ముగిసిపోతోందన్న వెలితి ఉంది. మిగిలిన ముగ్గురం కలిసి రెండు లక్షల రూపాయలు పక్కన పెట్టాము. చెల్లెలు ఉపాధ్యాయురాలు. పెద్దలు సలహా ఇవ్వగలరు.

జవాబు (కనిగిరి): మా వైపు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ కనుక తమ్ముడి పేరిట శుద్ధజల ప్లాంటు పెట్టించాము. ప్రారంభానికి ఊరంతా వచ్చింది. రెండేళ్లకు నీటిని వడగట్టే మెంబ్రేన్ (పొర) మార్చే డబ్బు లేక అది మూతపడి, వాడి పేరున్న బోర్డు మాత్రం మిగిలింది. దాని ముందు నుంచి నడవడం నాకు ఇప్పటికీ కష్టమే. నిర్వహణకు సొమ్ము విడిగా ఉంచకుండా ఏదీ కట్టించకండి.

జవాబు (ఒంగోలు): అసలును బ్యాంకులోనే ఉంచండి. ఏడు శాతం వడ్డీ వచ్చినా ఏటా 14,000 రూపాయలు. మీ చెల్లెలు పాఠాలు చెప్పిన బడిలోనే ఇద్దరు ముగ్గురు బాలికల పుస్తకాలకు, పరీక్ష రుసుములకు సరిపోతుంది. ఏదైనా సంస్థకు ఇచ్చేటట్లయితే దానికి 80జి గుర్తింపు (దాతకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇప్పించేది) ఉన్నదీ లేనిదీ చూడండి. ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది, నగదుగా 2,000 దాటితే అదీ రాదు.

జవాబు (కావలి): అన్నగారి తిథికి మీరే రక్తదానం చేయవచ్చు కదా? పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు.

ప్రశ్న అడిగినవారు: అందరికీ కృతజ్ఞతలు. బడి ఆలోచన మాకు నచ్చింది. అయితే వదినగారిని ఇంతవరకు అడగనేలేదని ఇప్పుడే తోచింది; ఈ ఆదివారం వెళ్లి మాట్లాడతాము.