ఆవకాయ ఎర్రగా లేకపోతే కొనరా? రంగు చూసి తినడం గురించి మీ అనుభవాలు చెప్పండి

నూజివీడు_రసం:
ఇంట్లో పచ్చళ్లు పెట్టి ఆర్డర్ల మీద పంపుతుంటాను. ఈ ఏడాది కారం మొత్తం గుంటూరు సన్నమే, తొడిమలు తీయించి దగ్గరుండి పట్టించాను. తిన్నవాళ్లెవరూ రుచికి వంక పెట్టలేదు. ఫొటో చూసి కొనేవాళ్లు మాత్రం "రంగు లేదు, పోయినేడాదిదా?" అని అడిగి వెళ్లిపోతున్నారు. రంగు పొడి మాత్రం వేయను, ఆ సలహా ఇవ్వకండి. ఇంకేం దారి ఉంది? ఇంకోటి, గోంగూర పచ్చడి నల్లగా ఉందని అమెరికాలో మా వదిన పిల్లలు ముట్టుకోవడం లేదట. దానికీ ఏదైనా చెప్పండి.

మిర్చియార్డు:
మూడు వంతుల సన్నానికి ఒక వంతు బ్యాడిగి, అదే కర్ణాటక మిరపకాయ, కలపండి. ఘాటు పెరగదు, ఎర్ర రంగు వస్తుంది. అందరూ చేసేదే.

ఇంటిభోజనం:
అందరూ చేస్తే ఒప్పయిపోతుందా? గుంటూరు కారం అని చెప్పి కర్ణాటక కాయ కలిపితే కొన్నవాళ్లను మోసం చేసినట్టే. మా ఇంట్లో ఆవపిండి పాళ్లు ఎక్కువ, ఆవకాయ ఎప్పుడూ కాస్త పసుపుగానే ఉండేది, ఎవరూ పేరు పెట్టలేదు. ఫోన్లలో ఎర్రెర్రటి ఫొటోలు చూసి చూసి జనం ఇలా తయారయ్యారు.

మిర్చియార్డు:
మోసం అన్న మాట వెనక్కి తీసుకోండి. బ్యాడిగి కూడా మిరపకాయే, ఇటుక పొడి కాదు. లేబుల్ మీద రాసి అమ్మితే మోసం ఎక్కడుంది? చిన్నప్పటి నుంచి యార్డులోనే ఉన్నా, నాకు చెప్పకండి. ఘాటునిచ్చేది క్యాప్సైసిన్, ఎరుపునిచ్చేది క్యాప్సాంథిన్. తేజ రకం మిరపలో మొదటిది ఎక్కువ, బ్యాడిగిలో రెండోది ఎక్కువ. ఎగుమతి సరుకుకి ఆస్టా అంకె చూస్తారు, అది కేవలం రంగు కొలత. ఎర్రగా ఉంటే మండిపోతుందని భయపడేవాళ్లూ, ఎర్రగా లేకపోతే చప్పగా ఉంటుందనుకునేవాళ్లూ ఇద్దరూ పొరబడుతున్నారు.

ఓరుగల్లు_రైతుబిడ్డ:
బ్యాడిగి బ్యాడిగి అంటారేంది అన్నా, మన చపాటా కనిపించదా? వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ (ఆ ప్రాంతపు పంటేనని చెప్పే) గుర్తింపు వచ్చింది. మా దగ్గర టమాటా మిర్చి అంటాం, బొద్దుగా ఉంటుంది, కారం తక్కువ, పొడి పట్టుకుంటే చేతులు ఎర్రబడతాయి. షాపులో అడిగితే బ్యాడిగే తీసి చూపిస్తారు. రంగు సంగతి రైతును అడగండి. కల్లంలో కాయ ఆరబోసినప్పుడు రెండు వానలు పడితే చాలు, తెల్లమచ్చలొచ్చి తాలు కింద పోతుంది. ఏడాది కష్టానికి ఎంత రేటు కట్టాలో ఆ మచ్చ చూసి చెబుతారు.

అరిసెల_పాకం:
బెల్లానికీ ఇదే గతి. అనకాపల్లి మార్కెట్లో ముదురు రంగు దిమ్మకు ఒక ధర, బంగారు రంగు దిమ్మకు ఇంకో ధర. ఆ తేడా కోసమే వండేటప్పుడు హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం వేస్తున్నారు. నేను పట్టుబట్టి ముదురు బెల్లమే కొంటాను. సంక్రాంతికి మా ఆడపడుచు వాళ్లు వచ్చి అరిసెలు చూసి "మాడిపోయాయా?" అని అలాగే వదిలేశారు. బలవంతంగా ఒకటి తినిపిస్తే డబ్బా ఖాళీ చేసి వెళ్లారు!

చిన్నోడి_అమ్మ:
మావాడు పచ్చగా ఉన్నది ఏదీ తినడు. పప్పులో పాలకూర తుంపు కనిపిస్తే ఏరి పక్కన పెడతాడు. బీట్‌రూట్ తురిమి పిండిలో కలిపి పూరీలు చేస్తే మాత్రం గులాబీ పూరీ అని అడిగి మరీ తింటున్నాడు.

ఇంటిభోజనం:
గులాబీ రంగు అలవాటు చేయకండమ్మా, రేపు బడి ముందు పీచుమిఠాయి అడుగుతాడు. కారంలో కల్తీ కనిపెట్టడం తేలికే, గ్లాసు నీళ్ల మీద చల్లండి, రంగు చారలుగా దిగితే కల్తీ.

ల్యాబ్‌కోటు:
సగమే నిజం. ఆహార పరీక్షల ల్యాబ్‌లో పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నా, నీళ్లలో కరిగే రంగులే అలా దిగుతాయి. సూడాన్ రంగులు నూనెలో కరుగుతాయి, మీ గ్లాసు వాటిని పట్టుకోలేదు. 2005లో బ్రిటన్‌లో వందల సరుకులు షాపుల నుంచి వెనక్కి తీయించింది కారంలో కలిసిన ఆ సూడాన్ రంగే. పీచుమిఠాయిలో రోడమిన్-బి అనే బట్టలకు వేసే రంగు దొరికాక 2024లో తమిళనాడు ఆ మిఠాయిని నిషేధించింది, తర్వాత కర్ణాటక గోబీ మంచూరియాలో కూడా కృత్రిమ రంగులు వద్దంది. ఇక రంగు నాలుకను ఎంత నమ్మిస్తుందంటే, ఫ్రాన్స్‌లో బోర్డోలో తెల్ల వైన్‌లో రుచి లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వైన్ చదువుకునే విద్యార్థులే దాన్ని ఎర్ర వైన్ మాటల్లో వర్ణించారు. 2001లో ప్రచురించారు.

ఇంటిభోజనం:
ల్యాబ్ ఉంది కదా అని ఇంట్లో వండేవాళ్లకు ఏమీ తెలియదన్నట్టు మాట్లాడకండి. వైన్ సంగతి మాకెందుకు?

ల్యాబ్‌కోటు:
సగం నిజం అన్నాను, అబద్ధం అనలేదు. చదివి కోప్పడండి.

మిర్చియార్డు:
నూజివీడు గారూ, సీసాలు ఎండ తగిలే అరలో పెడుతున్నారా? వెలుతురుకి ఎరుపు వెలిసిపోతుంది. కారం కోల్డ్ స్టోరేజీ కాయతో పట్టించారా, బయట నిల్వ ఉన్న కాయతోనా? ముందు అది చెప్పండి.

నూజివీడు_రసం:
బయట నిల్వ ఉన్నదే. సీసాలు కిటికీ పక్కన ఉన్నాయి, ఇవాళే లోపలికి మారుస్తాను. ఓరుగల్లు గారూ, చపాటా ఎక్కడ దొరుకుతుందో మెసేజ్ పెట్టండి, పేరు లేబుల్ మీద వేసే కలుపుతాను. గోంగూర గురించి ఒక్కరూ చెప్పలేదు.

ల్యాబ్‌కోటు:
ఆకులోనే పులుపుంది, వేడి తగలగానే పచ్చదనం పోతుంది. ఎవరూ ఆపలేరు.

అరిసెల_పాకం:
ఆపడం దేనికండీ? నూనెలో బాగా మగ్గి నల్లబడితేనే అది గోంగూర. పిల్లలకు వేడన్నంలో కలిపి, పైన నెయ్యి వేసి ముద్ద చేతికివ్వమనండి. సీసా చూపించద్దు.