‘సెల్మా’లో వినిపించేవి కింగ్ మాటలేనా?

ప్రశ్న:
మా పదో తరగతి పిల్లలకు చూపిద్దామని నిన్న రాత్రి ‘సెల్మా’ (2014) సినిమా మళ్లీ పెట్టుకున్నాను. అమెరికాలో నల్లజాతివారి ఓటు హక్కు కోసం జరిగిన ఉద్యమం దాని కథ. మార్టిన్ లూథర్ కింగ్ 1965 మార్చి 25న అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీలో చేసిన ప్రసంగం అచ్చు ప్రతిని ఒళ్లో పెట్టుకుని చివరి ఘట్టం విన్నాను. వాక్యాలు కలవడం లేదు. కింగ్‌గా డేవిడ్ ఓయెలోవో నటన చూస్తే కళ్లు చెమ్మగిల్లాయి. కానీ మాటలే వేరైతే పిల్లలకు ఏమని చెప్పాలి?

మొదటి జవాబు:
మీరు సరిగ్గానే పట్టుకున్నారు. కింగ్ ప్రసంగాలను సినిమాలో వాడుకునే హక్కులు అప్పటికే వేరే నిర్మాణ సంస్థ చేతిలో ఉన్నాయి. అందుకని దర్శకురాలు ఏవా డువెర్నే వాటిని భావం చెడకుండా తిరగరాశారు. పిల్లలకు ఈ సంగతి దాచకుండా చెప్పండి.

ఓయెలోవో పడ్డ కష్టమంతా నాకు ఇక్కడే కనబడుతుంది. లోకం నోట నానిన మాటలు ఆయనకు అందలేదు. నైజీరియా దంపతులకు ఇంగ్లండులో పుట్టినవాడు. అమెరికా దక్షిణాది చర్చి బోధకుడి ఎత్తుగడ, విరుపు, ఊపిరి తీసుకునే చోటు, వీటితోనే కింగ్‌ను నిలబెట్టాలి. మొదటి దృశ్యం చూడండి. నోబెల్ సభకు ముందు ప్రసంగం వల్లె వేస్తూ, మెడకు కట్టుకున్న గుడ్డ నచ్చక మధ్యలో ఆగి భార్యతో చెప్పుకుంటాడు. సభలో గొంతు, ఇంట్లో గొంతు రెండూ ఒక్క నిమిషంలో వినిపిస్తాయి. ఇంత మంచి నటనకు ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదంటే నాకు ఇప్పటికీ బాధే.

మరో జవాబు:
ముందుగా యానీ లీ కూపర్ దృశ్యం చూపించండి. ఓటరుగా నమోదు కావడానికి వచ్చిన ఆమెను, అలబామాలో కౌంటీ న్యాయమూర్తులు ఎందరని గుమస్తా అడుగుతాడు. 67 మంది అంటుంది. అయితే పేర్లు చెప్పమంటాడు. దరఖాస్తు తిరస్కరిస్తాడు. నేను మూడుసార్లు పోలింగ్ విధులకు వెళ్లాను. సిరా పెట్టించుకోవడానికి ముసలమ్మలు వేలు ఎంత భద్రంగా చాపుతారో చూసినవాణ్ని. ఆ దృశ్యం నన్ను కుదిపేసింది.

ఆ తర్వాత సెల్మా పట్టణంలో మార్చి 9 నాటి వంతెన దృశ్యం. రెండు రోజుల ముందు ఉద్యమకారులను లాఠీలతో, బాష్పవాయువుతో చెదరగొట్టిన చోటు అది. ఈసారి పోలీసులు దారి వదులుతారు. కింగ్ మోకరిల్లి, లేచి, వెనక్కి తిరిగిపోతాడు. నడకలోనే ఆయన బరువంతా తెలుస్తుంది.

అడిగినవారు:
వంతెన దృశ్యం ఇప్పుడే శబ్దం పూర్తిగా తగ్గించి చూశాను. మీరన్నది నిజం. శనివారం మొదట అసలు ప్రసంగం పిల్లల చేత పైకి చదివిస్తాను, ఆ తర్వాతే సినిమా వేస్తాను.