ఫ్లూ మందు సగంలో ఆపి దాచొచ్చా?

వేళచ్చేరి కోడలు:
పదో తరగతి చదివే మా పెద్దాడికి ఫ్లూ. డాక్టరుగారు ఒసెల్టామివిర్ 75 రెండు పూటలా ఐదు రోజులు వేయమన్నారు. రెండో రోజు రాత్రికే జ్వరం దిగిపోయింది. స్ట్రిప్పులో ఇంకా ఆరు క్యాప్సూళ్లున్నాయి. "దాచమ్మా, మీ మామయ్యకొస్తే పనికొస్తాయి" అంటున్నారు అత్తయ్యగారు. మామయ్యగారికి కిడ్నీ మార్చి మూడేళ్లు. మందుకు లొంగని వైరస్ ఎలాగూ నీరసంగా ఉంటుంది, అంత భయం లేదని చదివాను. నిజమేనాండీ?

పాత ల్యాబ్ మనిషి, బెంగళూరు:
ఒకప్పుడు మేమూ అలాగే నమ్మామండీ. పనసకాయ కోసేముందు కత్తికి నూనె రాస్తాం కదా, జిగురు పట్టకుండా? కొత్తగా పుట్టిన వైరస్ మన ఒంటి కణాన్ని వదిలించుకుని బయటపడడానికి, దాని పైనుండే న్యూరమినిడేస్ అనే ఎంజైమ్ ఆ నూనెలాంటిది. ఒసెల్టామివిర్ దాన్ని పనిచేయనివ్వదు. ఆ ఎంజైమ్ అమైనో ఆమ్లాల గొలుసులో 275వ చోట హిస్టిడిన్ అనేది పోయి టైరోసిన్ అనేది వస్తే మందు అక్కడ సరిగ్గా కుదురుకోదు. కాకపోతే ఆ మార్పుతో న్యూరమినిడేస్ కణం ఉపరితలానికి చేరడమే తగ్గిపోతుంది, నూనె చాలదు. మీరు చదివిన నీరసం అదే.

కానీ 2007-08 చలికాలంలో నార్వేలో చూసిన హెచ్1ఎన్1 అనే ఫ్లూ రకం నమూనాల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఈ మార్పున్నవే. అక్కడ ఆ మందు వాడకమే అంతంత మాత్రం! మరుసటి ఏడాదికి ప్రపంచమంతా అదే. ఎలాగంటే, అదే గొలుసులో 222, 234 స్థానాల్లో వచ్చిన వేరే మార్పులు ఆ లోటును పూడ్చేశాయి. 2010లో శాస్త్రవేత్తలు జెస్సీ బ్లూమ్, డేవిడ్ బాల్టిమోర్‌ల బృందం దీన్ని తేల్చింది. చివరికి 2009 మహమ్మారి హెచ్1ఎన్1 వచ్చి ఆ రకాన్ని పక్కకు నెట్టింది గానీ, మన మందు కాదు.

నాకు భయమల్లా మామయ్యగారి గురించే. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవాళ్ల ఒంట్లో వైరస్ వారాల తరబడి ఉండిపోవచ్చు. మందు వాడుతుండగానే లొంగని రకం పుట్టేది ఎక్కువగా అలాంటి చోటే. బాబుకి కోర్సు పూర్తిచేయండి. పెద్దాయన్ని వేరే గదిలో ఉంచండి.

తాంబరం మందుల షాపు:
ఇంకో మాటమ్మా. ఈ మందు కిడ్నీ ద్వారానే బయటికి పోతుంది. పనితీరు తగ్గినవాళ్లకి డోసు మార్చాలి, పిల్లాడి స్ట్రిప్పు ఆయనకి వేయకూడదు. ఒళ్లు వెచ్చబడితే ఆ రోజే కిడ్నీ డాక్టరుగారికి ఫోన్ చేయండి. మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే ఎక్కువ గుణం.

వేళచ్చేరి కోడలు:
అత్తయ్యగారికి చదివి వినిపించాను. స్ట్రిప్పు బీరువాలోంచి ఆవిడే తెచ్చిచ్చారు. ఐదోది ఇప్పుడే వేశాను. మామయ్యగారి మంచం ముందు గదిలోకి మార్చాం.