దారి సత్రాల్లో రేటు ఉండాలా, హుండీ చాలా?

బెర్లిన్ బావ:
మే నెలలో రెండు వారాలు సెలవు పెట్టి స్పెయిన్‌లో కమీనో నడిచొచ్చాను. తెలియనివాళ్ల కోసం: యేసు శిష్యుడు యాకోబు సమాధి ఉందని నమ్మే శాంటియాగో చర్చికి మధ్యయుగాల నుంచి జనం నడిచి వెళ్లే దారి అది. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి మొదలుపెడితే దాదాపు 780 కిలోమీటర్లు, నెల పైనే పడుతుంది. నాకంత సెలవు ఎక్కడిది? లోగ్రోన్యో నుంచి లియోన్ దాకా మూడొందల కిలోమీటర్లు నడిచి రైలెక్కేశాను.

దారి పొడుగునా యాత్రికుల సత్రాలుంటాయి. వాళ్ల భాషలో ఆల్బెర్గే. కొన్ని ప్రైవేటువి, ఫోన్లోనే మంచం బుక్ చేసుకోవచ్చు. కొన్ని ప్రభుత్వానివి, ముందొచ్చినవాళ్లకు ముందు. మూడో రకం డొనాతీవో. అక్కడ రేటు లేదు, హుండీ ఉంటుంది, ఎంత వేశావో ఎవరూ చూడరు.

గ్రాన్యోన్ అనే చిన్న ఊళ్లో చర్చి బురుజులో అలాంటి సత్రం ఒకటుంది. మంచాలు లేవు, నేలమీద పరుపులు. హుండీ పెట్టె మూత తెరిచే ఉంటుంది. "ఇవ్వగలిగింది ఇవ్వు, కావాల్సింది తీసుకో" అని రాసి ఉంటుంది. సాయంత్రం అందరం కలిసి వంట. నాకు బంగాళాదుంపల పని పడింది. పక్కన కొరియా పెద్దాయన. ఆయనకు ఇంగ్లిష్ రాదు, నాకు కొరియన్ రాదు. తొక్కతోపాటు నేను సగం దుంప చెక్కేస్తుంటే చూడలేక, నా చేతిలో కత్తి లాక్కుని, ఎలా తీయాలో చూపించి మళ్లీ ఇచ్చాడు. తర్వాత పది రోజులూ దారిలో ఎక్కడ కనపడ్డా పలకరింపు ఒకటే: గాల్లో దుంప చెక్కుతున్నట్టు చెయ్యి తిప్పడం.

బుక్ చేసుకున్న చోట్ల ఏం జరిగిందో ఒక్కటీ గుర్తులేదు. తలుపు కోడ్ మెసేజ్‌లో వచ్చింది, పడుకున్నాను, లేచాను. అందుకే అంటున్నా, రేటూ బుకింగూ వచ్చాక సత్రం లాడ్జి అయిపోతుంది. అన్నీ హుండీ పద్ధతిలోనే ఉండాలి. కాదంటారా?

రాజమండ్రి టీచరమ్మ:
కాదంటాను బాబూ. నాకు 63 ఏళ్లు, కుడి మోకాలు అంతంత మాత్రం. మా అమ్మాయితో అదే దారిలో బుర్గోస్ నుంచి లియోన్ దాకా నడిచాను. మొదటిరోజు నీలాగే "వెళ్దాం, దేవుడే చూసుకుంటాడు" అనుకున్నాం. మధ్యాహ్నం మూడింటికి చేరేసరికి సత్రం తలుపుకి 'కొంప్లేతో' అని అట్టముక్క వేలాడుతోంది. నిండిపోయిందట. పక్క ఊరు మరో తొమ్మిది కిలోమీటర్లు, నీడన్నది లేదు. అమ్మాయికి మడమ మీద బొబ్బ పగిలి మేజోడు అంటుకుపోయింది. ఆ రాత్రే మిగతా రోజులన్నిటికీ బుక్ చేసేశాం.

తెల్లారుజామున ఐదింటికి తలకి లైట్లు కట్టుకుని, ప్లాస్టిక్ సంచులు గరగరలాడిస్తూ జనం పరుగెత్తేది భక్తితో అనుకున్నావా? మంచం కోసం. ఆ పరుగులో పక్కవాడు కాలు బెణికి కూర్చున్నా ఆగరు. బుక్ చేసుకున్నాక మేం ఆగాం. ఒక జర్మన్ అమ్మాయి బ్యాగు పట్టీ తెగితే చెట్టుకింద కూర్చుని గంటసేపు కుట్టిచ్చాను. మంచం ఖాయం కాబట్టే కదా ఆ తీరిక?

రేవా తీరం:
నేను కమీనో చూడలేదు, నర్మదా పరిక్రమ చేశాను. ఓంకారేశ్వర్‌లో మొదలుపెట్టి, నదిని ఎప్పుడూ కుడిచేతి వైపు ఉంచుకుని, దాటకుండా రెండు గట్లూ తిరగాలి. అక్కడ రేటూ లేదు, హుండీ కూడా తప్పనిసరి కాదు. ఆశ్రమం గడప దగ్గర "నర్మదే హర్" అంటే లోపలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న "ఎన్ని మూర్తులు?" మనుషుల్ని మూర్తుల లెక్కన లెక్కపెడతారు. కొన్నిచోట్ల వండి పెడతారు, కొన్నిచోట్ల సదావర్తు ఇస్తారు, అంటే పిండి, పప్పు, ఉప్పు చేతిలో పెడితే మనమే వండుకోవాలి.

ఒక పల్లెలో రొట్టెలు పెట్టిన ఇల్లాలికి రెండొందలు ఇవ్వబోయాను. ఆవిడ నోటు వైపు చూడలేదు, నా వైపు చూసింది. ఏదో తప్పు మాట అన్నవాడిని చూసినట్టు. అంతటితో ఆగక వంగి నా కాళ్లకి దణ్ణం పెట్టింది, నాకంటే పెద్దావిడ. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మర్నాటి నుంచి డబ్బు తీయడం మానేసి, పిల్లలకు బిస్కెట్లు, పెన్నులు కొని దగ్గర పెట్టుకున్నాను. బావ గారితో ఏకీభవిస్తున్నాను. రేటు అనగానే అతిథి కాస్తా గిరాకీ అయిపోతాడు.

ఊరికే అడిగా:
అన్నీ బాగున్నాయి. ఇంతకీ గ్రాన్యోన్ హుండీలో ఎంత వేశావు బావా?

బెర్లిన్ బావ:
ఐదు యూరోలు.

ఊరికే అడిగా:
రాత్రి భోజనం, పడక, పొద్దున కాఫీ రొట్టె కలిపి?

బెర్లిన్ బావ:
అవును. చిల్లర అంతే ఉంది. 50 నోటు ఉంది, అది వేయబుద్ధి కాలేదు. పెట్టెలోంచి తిరిగి 30 తీసుకుంటే ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని కూడా అనిపించింది. నవ్వుకోండి.

డల్లాస్ పిన్ని:
నవ్వను గానీ, కాస్త కూర్చోబెట్టి చెప్తాను. ఆ దారిలోనే ఒక హుండీ సత్రంలో 15 రోజులు సేవ చేసొచ్చాను. ఊరి పేరు వద్దులే. ఇలా పనిచేసేవాళ్లను ఓస్పితలేరో అంటారు. జీతం ఉండదు, మా విమానం టికెట్టు మాదే, ముందు శిక్షణ కూడా తీసుకోవాలి. పొద్దున ఎనిమిదికల్లా అందర్నీ పంపేసి, మరుగుదొడ్లు కడిగి, నల్లుల కోసం పరుపుల కుట్లన్నీ వెతికి, కూరగాయలు తెచ్చేసరికి మళ్లీ తలుపు తీసే వేళ. ఆ నల్లుల పని గురించి ఎవరూ కవిత్వం రాయరెందుకో.

హుండీ లెక్క రాత్రి చూసేవాళ్లం. నాణేలు, మడిచిన నోట్లు, ధన్యవాదాలు రాసిన చీటీలు. ఒకసారి చొక్కా గుండీ. నిన్నటివాళ్లు వేసినదాంతోనే ఇవాళ్టి వంట. బావలాంటివాళ్లు ఎక్కువ దిగిన మర్నాడు పప్పు పల్చబడేది, అంతే. అంత పల్చటి పప్పూ అందరూ రెండోసారి వేయించుకుంటారు, దాని గొప్ప ఏమిటో నాకిప్పటికీ తెలియదు. కానీ డొనాతీవో అంటే ఉచితం కాదు బాబూ. లేనివాడు సిగ్గుపడకుండా పడుకోవాలని, ఉన్నవాడు వాడి వంతు కూడా వేయాలని ఆ పెట్టె. నీ దగ్గర 50 ఉండి 5 వేశావంటే, ఆ లేనివాడి మంచంలో నువ్వు పడుకున్నట్టు.

చిల్లర లెక్క:
ఇక్కడ రెండు గొడవలు కలిపేశారు. రేటు వేరు, బుకింగ్ వేరు. శాంటియాగో ఉన్న రాష్ట్రం గలీసియా, అక్కడి ప్రభుత్వ సత్రాల్లో పడకకి 10 యూరోలు, కానీ బుకింగ్ లేదు, వచ్చినవాడిదే మంచం. కాబట్టి రేటున్నా పరుగు తప్పదు.

ఇంకో సంగతి, జనం. 1980ల మధ్యలో ఏడాదికి శాంటియాగో చేరి, యాత్ర పూర్తిచేసినట్టు చర్చి ఇచ్చే పత్రం తీసుకున్నవాళ్లు మూడు వేలు కూడా లేరు. ఎలియాస్ వాలీన్యా అనే పల్లెటూరి చర్చి ఫాదర్ గారు పసుపు రంగు డబ్బా పట్టుకుని దారంతా బాణం గుర్తులు వేసింది ఆ రోజుల్లోనే. 2024లో ఆ పత్రం తీసుకున్నవాళ్లు దాదాపు 5 లక్షలు. అందులో చాలామంది శాంటియాగోకి 100 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న సారియా అనే ఊళ్లో మొదలుపెడతారు, ఆఖరి 100 కిలోమీటర్లు నడిస్తే పత్రం ఇస్తారు కాబట్టి. ఇంతమందికి పల్లెల్లో దుంపలు చెక్కి పెట్టాలంటే ఎన్ని చర్చి బురుజులు కావాలి? అన్నీ హుండీ పద్ధతే కావాలనడం కుదిరే పని కాదు.

రాజమండ్రి టీచరమ్మ:
రేటున్న చోట ఆప్యాయత ఉండదన్న మాటకి ఇంకా జవాబు చెప్పలేదు నేను. కారియోన్ అనే ఊళ్లో అగస్టీన్ సన్యాసినులు నడిపే సత్రం ఉంది. అక్కడ రేటు ఉంది. సాయంత్రం మెట్ల దగ్గర అందర్నీ కూర్చోబెట్టి గిటార్ వాయిస్తూ పాడతారు. తర్వాత ఒక్కొక్కరూ ఏ ఊరో, ఎందుకు నడుస్తున్నారో చెప్పాలి, వాళ్ల భాషలో ఒక పాట పాడాలి. నా వంతు వచ్చేసరికి బుర్రలో ఒక్క పాటా లేదు. 34 ఏళ్లు క్లాసులో పాఠం చెప్పినదాన్ని! చివరికి మా అమ్మ పాడే లాలి నోటికొచ్చింది. రెండో చరణం మర్చిపోయి మొదటిదే మళ్లీ పాడాను.

అయ్యాక ఒక బ్రెజిల్ ఆవిడ వచ్చి, ఇది పిల్లల్ని నిద్రపుచ్చే పాట కదా అని సైగ చేసింది. ఎలా తెలిసిందో. ఫోన్‌లో పసిబిడ్డ ఫొటో చూపించింది, ఆ బిడ్డ ఇప్పుడు లేడట. ఇద్దరం మెట్ల మీద కాసేపు కూర్చున్నాం. ఏమీ మాట్లాడుకోలేదు. రేటు కట్టిన సత్రమే అది.

రేవా తీరం:
టీచర్ గారూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. గిరాకీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, ఆ సత్రం వరకు.

బెర్లిన్ బావ:
నేనూ కొంత తగ్గుతాను. చిల్లర లెక్క అన్న చెప్పింది నిజమే, రేటుని అనవసరంగా ఆడిపోసుకున్నాను. కానీ బుకింగ్ విషయంలో తగ్గను. కమీనోలో ఒక నది పక్కన సాన్ నికొలాస్ అనే పాత సత్రం ఉంది, పదమూడో శతాబ్దం నాటిది, ఇటలీ వాళ్లు నడుపుతారు. కొవ్వొత్తుల వెలుగులోనే భోజనం. భోజనానికి ముందు వచ్చినవాళ్ల కాళ్లు కడుగుతారు. నా తండ్రి వయసున్నాయన మోకాళ్ల మీద కూర్చుని చెంబుతో నీళ్లు పోసి, తుడిచి, పాదానికి ముద్దు పెట్టాడు. పెళ్లిలో మామగారు కడిగినప్పుడు కూడా నేనింత ఇబ్బంది పడలేదు. ఆ రోజు అక్కడ ఆగాలని నేను అనుకోనేలేదు, వాన పడితే తలదాచుకోవడానికి ఆగాను. అన్నీ ముందే బుక్ చేసుకుని ఉంటే తడుస్తూ దాటిపోయేవాడిని.

పిన్నీ, ఆ మిగతా డబ్బు గ్రాన్యోన్‌కి ఎలా పంపాలో తెలిస్తే చెప్పండి.

డల్లాస్ పిన్ని:
వెనక్కి పంపడమెందుకు? లియోన్ నుంచి మిగతా దారి ఉంది కదా, నడిచినప్పుడు తగిలిన మొదటి హుండీలో వెయ్యి. ఈసారి ముందే చిల్లర మార్చుకో.

రాజమండ్రి టీచరమ్మ:
పిన్ని గారూ, ఒక మాట. ఆ గ్రాన్యోన్ బురుజుకి మెట్లు ఎన్ని? నేలమీద పడుకుంటే ఈ మోకాలితో లేవగలనంటారా?

బెర్లిన్ బావ:
మెట్లున్నాయి టీచర్ గారూ, ఇరుకు. గోడ పక్క పరుపు అడగండి, పట్టుకుని లేవొచ్చు.