తుర్కీ ‘కుర్సు’ను తెలుగులో కుర్చీ అనొచ్చా?

ప్రశ్న: తుర్కియే పండితుల పరిచయాల్లో ‘ఇస్లాం ఫెల్సెఫెసి కుర్సుసున్దె దోచెంత్ ఒల్దు’ అనే వాక్యం తరచూ కనిపిస్తుంది (దోచెంత్ అంటే ప్రొఫెసర్‌కు కింది మెట్టు). దీన్ని ‘ఇస్లామిక్ తత్త్వశాస్త్ర కుర్చీలో డోసెంట్ అయ్యారు’ అని తెలుగు చేస్తున్నారు. సరైనదేనా?

జవాబు: కుర్చీ అనకండి. వేరు ఒకటే, నిజమే. అరబీ ‘కుర్సీ’ ఉర్దూ దారిన మనకు కుర్చీ అయింది, తుర్కీలో కుర్సు అయింది. ముస్లిం ఇళ్లలో చదివే ఖురాన్ వాక్యం ఆయతుల్ కుర్సీలో ఉన్నదీ ఆ మాటే. కానీ తుర్కీలో కూర్చునే కుర్చీకి ‘సందల్యె’ అని వేరే మాట ఉంది. కుర్సు అంటే మసీదులో ఉపన్యాసకుడి ఎత్తు పీట, విశ్వవిద్యాలయంలో అయితే పీఠం.

మాట విరిచి చూడండి: కుర్సు + సు + న్ + దె. ‘సు’ అంటే ‘దాని’, ‘న్’ అతుకు, ‘దె’ మన ‘లో’. ఫెల్సెఫెసిలో ‘సి’ కూడా ఆ ‘సు’కు జంటే. ముందున్న అచ్చును బట్టి రూపం మారింది, మనం నదికి, చెట్టుకు అన్నట్టు. అందుకే ఒంటరిగా రాసేటప్పుడు ‘ఫెల్సెఫె’, ‘కుర్సు’ అని ఆపాలి. ‘కుర్సుసు’ అనే పీఠం ఎక్కడా లేదు.

ఇంకొక జవాబు: ‘పీఠం’కు నా ఓటు కూడా, కానీ ముందు సంవత్సరం చూడండి. 1981 నవంబరులో వచ్చిన 2547వ నంబరు ఉన్నత విద్యా చట్టం కుర్సు పద్ధతిని తీసేసింది. ఆ తర్వాతి పరిచయాల్లో ‘బొలుమ్’, దాని కింద ‘అనాబిలిం దాలి’ ఉంటాయి. ఇలాహియాత్ (మతశాస్త్ర) ఫాకల్టీల్లో ఇస్లామిక్ తత్త్వశాస్త్రం ‘తత్త్వశాస్త్రం, మత విజ్ఞానాలు’ అనే బొలుమ్ కింద ఒక అనాబిలిం దాలి. బొలుమ్‌కు శాఖ, అనాబిలిం దాలికి విభాగం సరిపోతాయి. 1995 నాటి ఉద్యోగానికి పీఠం అని రాస్తే తప్పే. మన తెలుగు విశ్వవిద్యాలయంలో పీఠం అంటే ప్రాంగణం కూడా కాబట్టి, పాత పరిచయాల్లో ‘ఆచార్య పీఠం’ అని విడమర్చితే మేలు.

ప్రశ్న వేసినవారు: మరి దోచెంత్‌కు ‘సహ ఆచార్యులు’ చాలదా అండీ?

జవాబు: చాలా చోట్ల చాలదండీ. వాళ్లకు ‘ఉన్వాన్’ వేరు, ‘కద్రో’ వేరు. ఉన్వాన్ బిరుదు, కద్రో మన కేడర్ లాంటిదే, అంటే పోస్టు. దోచెంత్ బిరుదు ఇచ్చేది పనిచేసే విశ్వవిద్యాలయం కాదు, అంతర్ విశ్వవిద్యాలయ మండలి. విదేశీ భాషా పరీక్షలో 100కి 55 రావాలి, ప్రచురణల దస్త్రం జ్యూరీ ముందు నిలవాలి. ఇవన్నీ దాటినా పోస్టు ఖాళీ లేకపోతే కింది పోస్టులోనే ఉండొచ్చు. అలాంటి వారిని ‘సహ ఆచార్యులుగా నియమితులయ్యారు’ అంటే జరగని నియామకం జరిగినట్టవుతుంది. ‘దోచెంత్ అర్హత పొందారు’ అని ఒక ఏడాది, ‘సహ ఆచార్యులయ్యారు’ అని ఇంకో ఏడాది రాయాలి. ప్రొఫెసర్ కావాలంటే బిరుదు వచ్చాక ఆ రంగంలోనే 5 ఏళ్లు పనిచేసి ఉండాలి. 2018 మార్చిలో ‘యార్దిమ్‌జి దోచెంత్’ పేరు పోయి ‘దొక్తొర్ ఒగ్రెతిం ఉయెసి’ వచ్చింది. ఇద్దరూ సహాయ ఆచార్యులే.

‘ఒర్దినార్యుస్’ కనిపిస్తే మాత్రం తెలుగు చేయకండి. 1933 విశ్వవిద్యాలయ సంస్కరణతో వచ్చి 1960లో రద్దయిన హోదా అది. ప్రొఫెసర్‌కు పైమెట్టు. ‘ప్రధానాచార్యులు’ అంటే మనవాళ్లు ప్రిన్సిపాల్ అనుకుంటారు.

మరొకరు: గ్రంథాల పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. ముబాహత్ తుర్కెర్ 1956లో అంకారాలో అచ్చువేసిన పరిశోధన పేరు ‘ఉచ్ తెహాఫుత్ బకిమిందన్ ఫెల్సెఫె వె దిన్ మునాసెబెతి’. తత్త్వవేత్తల వాదాల మీద ముస్లిం పండితులు గజాలీ, ఇబ్న్ రుష్ద్, హోజాజాదె ‘తెహాఫుత్’ పేరుతో రాసిన మూడు గ్రంథాల దృష్టితో తత్త్వశాస్త్రానికీ మతానికీ ఉన్న సంబంధం అని. తెహాఫుత్‌ను ‘పతనం’ అన్నారో, తత్త్వవేత్తలు శీలం చెడిపోయారన్న అర్థం దూరుతుంది. వాదాలు ఒకదాని మీద ఒకటి కూలడం అసలు భావం. ‘అసంబద్ధత’ కొంత నయం, ‘కుప్పకూలడం’ ఇంకా దగ్గర. ఇక ‘హొకజాదే’ అని రాయకండి. తుర్కీలో c అక్షరానికి ‘జ’ పలుకు. ఖ్వాజాయే అక్కడ హోజా, కాబట్టి హోజాజాదె అంటే ఖ్వాజా కొడుకు.

ప్రశ్న వేసినవారు: ధన్యవాదాలండీ. 1981కి ముందు నాటి వాక్యాన్ని ఇలా మార్చాను: ‘ఇస్లామిక్ తత్త్వశాస్త్ర ఆచార్య పీఠంలో దోచెంత్ అయ్యారు.’