సేవ్ చేస్తున్నాను, సర్వర్‌లో మాత్రం పాత ఫైలే ఉంటోంది

రాత్రిదీపం: సాయంత్రం ఆరింటి నుంచి దీనితోనే కుస్తీ. సర్వర్‌లోని కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలును నా కంప్యూటర్‌లోని ఎడిటర్‌లో తెరిచి దిద్దుతున్నాను. సేవ్ కొడితే ఏ ఎర్రరూ రాదు. ఎడిటర్ మూసి మళ్లీ తెరిచినా నా మార్పులు పదిలంగా ఉంటాయి. సర్వర్‌లో చూస్తే మాత్రం నిన్నటి ఫైలే వెక్కిరిస్తోంది. నిన్నంతా బాగానే పనిచేసింది! సర్వీసును ఏడుసార్లు రీస్టార్ట్ చేశాను. దయచేసి ఎవరైనా చెప్పండి.

మూడోకన్ను: ఏ సిస్టమ్? ఏ ప్రోగ్రామ్‌తో కనెక్ట్ అవుతున్నారు?

పాతకాపు: అంతకంటే ముందు ఒక మాట. ఫైళ్లు పంపడానికి మీరు వాడేది ఎఫ్‌టీపీ అనే పాత పద్ధతి అయితే వెంటనే మానేయండి. అది 1971లో పుట్టింది, పాస్‌వర్డును దాపరికం లేకుండా దారిపొడవునా పంపుతుంది. ఎస్‌ఎఫ్‌టీపీ అంటే దానికే తాళం వేసిన రూపం అనుకుంటారు చాలామంది. కాదు. అది ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) మీద, మామూలుగా 22వ పోర్టులో నడిచే వేరే ప్రోటోకాల్. తాళం వేసిన ఎఫ్‌టీపీని ఎఫ్‌టీపీఎస్ అంటారు. ఒక అక్షరం అటూ ఇటూ అయితే ఇంటిపేరే మారిపోతుంది.

రాత్రిదీపం: విండోస్, విన్‌ఎస్‌సీపీ. ఎస్‌ఎఫ్‌టీపీయే వాడుతున్నాను. పోర్టు గురించి నేను అడగలేదండీ.

విమ్‌వాది: ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి అక్కడి విమ్ ఎడిటర్‌లో దిద్దండి.

రాత్రిదీపం: అందులోంచి బయటపడటానికే నాకు పది నిమిషాలు పడుతుంది.

విమ్‌వాది: ఎస్కేప్, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం, ఎంటర్. పది నిమిషాలు ఎందుకు?

పదశోధకుడు: అసలు ‘సర్వర్‌లోని ఫైలును తెరిచాను’ అనడమే తప్పు. మీరు తెరిచింది నకలును. మూల దస్త్రం అక్కడే ఉంది.

పాతకాపు: అన్నిచోట్లా నకలు అనలేం. ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ అనే సాధనంతో మౌంట్ చేస్తే సర్వర్ ఫోల్డరు మన డ్రైవులాగే కనిపిస్తుంది. అప్పుడు ‘తెరిచాను’ అంటే తప్పేముంది? పైగా ‘దస్త్రం’ అంటే నాకు కార్యాలయంలో దుమ్ము పట్టిన కట్ట గుర్తొస్తుంది.

పదశోధకుడు: ‘ఫైలు’ అన్నా ఆ కట్టే కదా!

మూడోకన్ను: దస్త్రాల గొడవ తర్వాత చూసుకుందాం. ‘నకలు’ అన్న మాట మాత్రం పనికొచ్చేలా ఉంది. రాత్రిదీపం గారూ, ఎడిటర్ పైపట్టీలో ఫైలు పూర్తి చిరునామా ఏమని ఉంది? ఇవాళ ఆ ఫైలును ఎక్కడి నుంచి తెరిచారు?

రాత్రిదీపం: సీ డ్రైవు, యూజర్స్, యాప్‌డేటా, లోకల్, టెంప్, ఆ తర్వాత ఏవో అంకెల ఫోల్డరు. ఎడిటర్‌లో ‘ఇటీవలి ఫైళ్లు’ జాబితా ఉంటుంది కదా, దాంట్లోంచే తెరిచాను. ప్రతిసారీ సర్వర్‌లో వెతుక్కోవడం ఎందుకని.

మూడోకన్ను: దొరికింది. విన్‌ఎస్‌సీపీలో ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే అది టెంప్ (తాత్కాలిక) ఫోల్డరులోకి ఒక నకలు దించి, ఎడిటర్‌కు ఇచ్చి, కాపలా కాస్తుంది. మీరు సేవ్ చేసినప్పుడల్లా పైకి పంపుతుంది. ఇవాళ మీరు తెరిచింది నిన్న మిగిలిపోయిన నకలు. దానికి కాపలా లేదు, అందుకే ఎర్రరూ లేదు. ఎడిటర్ తన పని తాను సరిగ్గానే చేసింది. ముందు ఆ టెంప్ ఫైలును వేరేచోట దాచుకోండి, మీ శ్రమంతా అందులోనే ఉంది. తర్వాత సర్వర్ ఫైలును విన్‌ఎస్‌సీపీ నుంచే తెరిచి, రెండూ పోల్చి మార్పులు ఎక్కించండి. మధ్యలో ఇంకెవరైనా దిద్ది ఉండవచ్చు కాబట్టి గుడ్డిగా సర్వర్ ఫైలు మీద రాసేయకండి. సేవ్ చేశాక సర్వర్‌లో ఫైలు సమయం మారిందో లేదో చూడండి. మారితే అప్పుడు రీస్టార్ట్.

పాతకాపు: లాగిన్‌కు పాస్‌వర్డు వాడుతున్నారా, కీ వాడుతున్నారా? అది కూడా చెబితే...

రాత్రిదీపం: సమయం మారింది, పనిచేసింది. ఏడు రీస్టార్ట్‌లు! ధన్యవాదాలు, పడుకుంటాను.

పదశోధకుడు: నకలు అని ముందే అన్నాను.

విమ్‌వాది: విమ్‌లో నకళ్ల గొడవే ఉండదు.

మూడోకన్ను: మరి విమ్ పక్కన దాచుకునే స్వాప్ ఫైలు?