రాబీ మూడు ఊపులకే ఆరిపోతోంది, తీగ మార్చాలా?

కొత్తవజ్రం: వజ్రంలో ఒంటరి ఎన్‌వీ (నైట్రోజన్ పరమాణువు, దాని పక్కన ఖాళీ చోటు) దొరికింది. 2.87 గిగాహెర్ట్జ్ దగ్గర ఓడీఎంఆర్ గీత (మైక్రోవేవ్ తగిలితే ఎన్‌వీ వెలుగు తగ్గే చోటు) శుభ్రంగా ఉంది, అయస్కాంతం పెడితే రెండుగా చీలుతోంది. రాబీ (మైక్రోవేవ్‌తో స్పిన్ అటూ ఇటూ ఊగడం) మాత్రం మూడు ఊపులకే ఆరిపోతోంది. రాబీ ఫ్రీక్వెన్సీ 1 మెగాహెర్ట్జ్. తప్పు మైక్రోవేవ్ తీగదా, ఆంప్లిఫయర్‌దా? మీరు ఏ తీగ వాడతారు?

తుమ్ములమాస్టర్: 20 మైక్రాన్ల రాగి తీగ. మైక్రోస్కోపు కింద రెండు గంటలు కూర్చుని సోల్డర్ పెట్టా. లేచి తుమ్మా. తెగింది.

ఏసీబాధితుడు: తీగ కాదు తమ్ముడూ, గది. గది వేడి ఒక్క డిగ్రీ మారితే ఆ 2.87 గీత 74 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. మా బిల్డింగులో సాయంత్రం ఆరింటికి ఏసీ కట్టేస్తారు. రాత్రి డేటా అంతా చెత్తబుట్టకే.

పచ్చలేజర్: హాన్ ఎకో (మధ్యలో స్పిన్‌ని తిప్పేసి, నెమ్మదిగా మారే గోలని రద్దు చేసే పల్సులు) వేసి చూడండి.

ఎనిమిదేళ్ళస్పిన్: అడిగింది రాబీ, చెప్పేది ఎకో! ఎనిమిదేళ్ళుగా నా పనే ఇది. ఎన్‌వీలోని నైట్రోజన్-14 వల్ల ఓడీఎంఆర్‌లో వచ్చే మూడు గీతల మధ్య ఎడం 2.16 మెగాహెర్ట్జ్. 1 మెగాహెర్ట్జ్‌తో కొడితే మధ్యది పూర్తిగా ఊగుతుంది, పక్కవి అరకొరగా, వేరే వేగంతో. కలిపి చూస్తే గందరగోళం. మైక్రోవేవ్ పవర్ పెంచు, మూడూ దాదాపు కలిసి ఊగుతాయి. ఏసీ కథలు తర్వాత.

ఏసీబాధితుడు: కథలా? గది ఆరు డిగ్రీలు మారితే గీత 444 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. 1 మెగాహెర్ట్జ్ రాబీకి అది లెక్కలోకి రాదా మాస్టారూ? పైగా వేడికి నియోడిమియం అయస్కాంతం బలం కూడా తగ్గుతుంది.

కొల్లూరువాసి: మన గోల్కొండ వజ్రాలు టైప్ 2ఏ, నైట్రోజన్ దాదాపు ఉండదు. వాటితో చేస్తేనో?

ఎనిమిదేళ్ళస్పిన్: నైట్రోజన్ లేకపోతే ఎన్‌వీ ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?

కొల్లూరువాసి: నైట్రోజన్ అయాన్లు దూర్చి, 800 డిగ్రీలు దాటించి కాలిస్తే రాదా? మీ సీవీడీ (ల్యాబులో వాయువు నుంచి పెంచిన) ముక్కలకు చేసేదీ అదేగా!

ఎనిమిదేళ్ళస్పిన్: వస్తుంది. కానీ సహజ వజ్రంలో 1.1 శాతం కార్బన్-13, ఆ న్యూక్లియర్ స్పిన్ల గోల వదలదు. 2009లో గది వేడిలోనే 1.8 మిల్లీసెకన్ల టీ2 (స్పిన్ లయ నిలిచే సమయం) వచ్చింది న్యూక్లియర్ స్పిన్ లేని కార్బన్-12తో పెంచిన వజ్రంలో, గనిలో తవ్వినదాంట్లో కాదు.

కొల్లూరువాసి: గని అంటే అంత చులకనా?

తుమ్ములమాస్టర్: కోహినూర్ తెచ్చిపెట్టండి, తీగ నేను అంటిస్తా.

పచ్చలేజర్: ఎకో ఎవరూ వేయలేదా ఇంకా?

కొత్తవజ్రం: పవర్ పెంచా అన్నా. రాబీ 9 మెగాహెర్ట్జ్‌కి ఎక్కింది, పదిహేను ఊపులు లెక్కపెట్టా. పదహారోదానికి తీగ మాడింది. సోల్డర్‌కి ఏ ఫ్లక్స్ వాడాలి?